గద్ద మనిషి లాగు పిగిలిన సంగతి

మట్టెవాడల నా పేరు చెప్పి అడిగితే మా ఇల్లు ఎవ్వరూ చూపియ్యరు. లాగక్క ఇల్లేదంటే మాత్రం పాలు పోసేటాయన కూడ బండి ఆపి, ఎంబడొచ్చి మా గడప ముందట దిగబెడ్తడు. ముప్పై ఏండ్ల కింద ఒక సిన్మ హీరో లాగు అందరి ముందట పిగిలింది. ఆ లాగు కుట్టింది నేను. ఆ తర్వాత ఎన్ని జాకెట్లు కుట్టిన్నో, ఎన్ని పెండ్లి సూట్లు కుట్టిన్నో, అయినా ఆ పేరు నన్ను ఇడువలే.

మిషన్ నేర్చుకునే ఆడిపిల్లలు ఇప్పటికి వస్తరు. "అమ్మమ్మా, ఏదన్న నేర్పు" అంటరు. నాకిప్పుడు సూదిల దారం ఎక్కియ్యాలంటే ఒక పూట పడ్తది. అందుకే కుట్టు నేర్పుడు పక్కకు పెట్టి ఈ సంగతి రాస్తాన. నేను చదివింది అయిదో తరగతి. అక్షరాలల్ల తప్పులుంటే మీరే దిద్దుకోండ్రి. సంగతిల తప్పుండది. ఎవరి భుజం ఏ దిక్కు వంగి ఉంటదో, ఎవరి బిడ్డ పెండ్లికి ఏ రంగు అంచు ఏసిన్నో నాకు ఇప్పటికీ యాదికున్నది.

మా దుకాణంల రెండు మిషన్లు, ఒక బల్ల. బల్ల కాడ మా ఆయన. ఆయన కటింగ్ మాస్టర్, నాది కుట్టుడు. మా పనిల ఒక ధర్మం ఉన్నది. బట్ట బిగుతైతే కత్తెర పట్టినోళ్ల తప్పు, పిగిలితే సూది పట్టినోళ్ల తప్పు. ఇంట్ల కూర ఉప్పైతే కూడ మా ఆయన గట్లనే తీర్పు చెప్పేటోడు.

ఆ యేడు సర్కసోళ్లు వచ్చినప్పుడు ఉయ్యాల మీద ఎగిరే పిల్లలకు బిగుతు బట్టలు నేనే కుట్టిన. సాగే బట్ట కుట్టుడు అప్పట్ల మా దిక్కు ఎక్కువ మందికి రాకపోయేది. ఆ పేరు విని సిన్మోళ్లు ఎతుక్కుంట వచ్చిన్రు. గద్ద లెక్క ఎగిరి దొంగలను పట్టే మనిషి కథనట. హసన్‌పర్తి అవతల మూతబడ్డ బియ్యం మిల్లుల షూటింగ్. హీరో బట్టల పెట్టె రైల్ల ఎక్కడనో తప్పిపోయింది. రెండు రోజులల్ల రెండు ఊదరంగు లాగులు, వీపు మీద ఏలాడేటందుకు ఒక ఎర్ర సెల్ల కావాలన్నరు.

"లాగులు రెండెందుకు సారూ?" అని మా ఆయన అడిగిండు.

"ఒకటి చెమటకు తడిస్తే ఇంకోటి," అన్నడు వచ్చిన మేనేజర్.

ఒక లాగు పూర్తిగా కుట్టి, సీటు కాడ డబల్ కుట్టు ఏసి, కొక్కేనికి తగిలేసిన. అది చూసినంక హీరో తొడల కొలత మీద నాకు అనుమానమొచ్చింది. అందుకే రెండోదానికి కచ్చ కుట్టు ఏసి బల్ల మీద పెట్టిన. కచ్చ కుట్టంటే తెలుసు కద? మనిషికి తొడిగి చూసేటందుకు పొడుగు పొడుగుగ ఏసే తాత్కాలిక కుట్టు. సరిపోయిందంటే దాని పక్కన పక్కా కుట్టు ఏసి, కచ్చ దారం గుంజి పారేస్తం. గట్టిగ తుమ్మితే ఊడుతది.

ఆ పొద్దే స్టేషన్ ఘన్‌పూర్‌ల మా అక్క బిడ్డ శ్రీమంతం. చీర కట్టుకొని రైలుకు ఉరుక్కుంట మా ఆయనకు చెప్పిన. "మేనేజర్ వస్తే కొక్కేనికున్న లాగు ఇయ్యి. బల్ల మీదది ఇయ్యకు."

"నేనేమన్న చిన్నపిల్లగాణ్నా?" అన్నడు.

సాయంత్రం రైల్ల తిరిగొస్తాంటే నా ఎదుటి సీట్ల ఇద్దరు మొగోళ్లు కడుపు పట్టుకొని నవ్వుతాన్రు. హీరో మిల్లు కప్పు మీదికెల్లి తాడుతోని ఎగిరిండట. కింద ఊరు ఊరంత చూస్తాన్రట. నడిమిట్లకు రాంగనే 'పర్ర్' అన్నదట. లోపల పూల పూల చెడ్డి ఉన్నదట.

"ఎవతి కుట్టిందో గని దండం పెట్టాలె," అన్నడు అందుల ఒకాయన.

నేను కిటికీ దిక్కు మొకం తిప్పుకొని కాజీపేట దాక తిప్పలే.

ఇంటికొచ్చి చెప్పులు ఇప్పకుండనే అడిగిన. "ఏ లాగు ఇచ్చినవయ్యా?"

"కొక్కేనిదే ఇచ్చిన."

"బల్ల మీదదేది?"

"అదీ కావాల్నని రెండూ పట్టుకపోయిన్రు. తొడిగింది మాత్రం కొక్కేనిదే. నా ఒట్టు."

నేను నా మొగని మాట నమ్మిన, నా చెయ్యిని అనుమానపడ్డ. నేనేసిన డబల్ కుట్టు ఎట్ల పిగిలింది? నాకు అన్నీ యాదికుంటయి. ఆ దారం ఏ దుకాణంల కొన్ననో, కుట్టేటప్పుడు రేడియోల ఏం వస్తాందో గుడ చెప్త. ఆ కుట్టు ఎక్కడ తప్పినట్టు? ఎంత ఆలోచించినా దొరకలే. మీరు నవ్వుతరు గని, మూడు రోజులు మిషన్ ముట్టాల్నంటే భయమైంది నాకు.

సిన్మోళ్లకు తాడు కట్టే క్రేన్ ఉన్నది ఆ ఒక్కరోజే. మళ్ల తీసుడు కుదరక ఆ ముక్కను సిన్మల అట్లనే ఉంచిన్రు. సిన్మ వారం ఆడింది. ఆ వారం రోజులు కూడ జనం ఆ లాగు కోసమే పోయిన్రని చెప్పుకునేటోళ్లు, నేను మాత్రం ఆ సిన్మ ఇప్పటికీ చూడలే. మా దుకాణం ఎదురుంగ చాయ్ హోటలాయన నాకు లాగక్క అని పేరు పెట్టిండు. చాయ్ ఇచ్చినప్పుడల్ల "గ్లాసు గట్టిదే అక్కా, పిగలది, తాగు" అనేటోడు. ముప్పై ఏండ్లు అదే మాట. ఒక్కసారి గుడ మార్చలే మహానుభావుడు.

లాగు పిగిలిన వారమే మా ఆయన ఎన్నడు లేంది సూది పట్టిండు. పాత గుడ్డలు కుక్కి ఒక మెత్త కుట్టి నా స్టూలు మీద ఏసిండు. "నడుము నొస్తాందంటవు కద," అన్నడు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఊరంత నవ్వుతాంటే నా మొగడొక్కడు నా నడుము గురించి ఆలోచించిండని వాడకట్టంత చెప్పుకున్న. ఆ మెత్త పాతదైందని రెండు మూడుసార్లు పారేద్దామని తీస్తే గుంజుకున్నడు. "లక్కీ మెత్త అది" అని పైన తొడిగే గలేబు ఆయనే మార్చేటోడు. నేను మిషన్ బందు చేసి మూలకు పెట్టినంక గుడ ఆ మెత్త స్టూలు మీదనే ఉన్నది.

నిరుడు ఎండకాలం ఒక కారు వచ్చి మా ఇంటి ముందట ఆగింది. ఒక సన్నటి పిల్లగాడు, టేపు మెడల ఏసుకున్న ఒక అమ్మాయి దిగిన్రు. పిల్లగాడు డైరెక్టరట. ఆ అమ్మాయి బట్టల డిజైనర్. డైరెక్టరంటే నేను నమ్మలే, మీసం గుడ పూర్తిగ రాలే ఆయనకు.

"అమ్మా, గద్ద మనిషి లాగు కుట్టింది మీరేనా?"

"మళ్ల ఎవడన్న నవ్వుతాండా బిడ్డా?" అన్న.

"లేదమ్మా. ఆ సినిమా మళ్ల మొదటి నుంచి తీస్తున్నం. కొత్త హీరో, కొత్త కథ. దీన్ని రీబూట్ అంటరు."

ఆ పిల్లగాడు చిన్నప్పుడు టీవీల ఆ సిన్మ చూసిండట. కథేందో యాదికి లేదట. లాగు పిగిలింది మాత్రం యాదికున్నదట. కొత్త కథల గద్ద మనిషి ఏ చుక్కలల్లకెల్లో ఊడిపడడు. మన కరెంటు స్తంభాలెక్కే లైన్‌మన్ ఆయన. వాళ్లమ్మ ఇంట్ల కుట్టిన బట్టలేసుకొని మొదటిసారి ఎగురుతడు, అందరి ముందట లాగు పిగులుతది, ఊరంత నవ్వుతది. ఆ నవ్వు పడ్డంకనే వాడు మనిషైతడు. మూడేండ్లు కూర్చొని రాసిన్రట. అదే మిల్లు, అదే కప్పు. వచ్చే నెల మిల్లు కూలగొడ్తాన్రు కాబట్టి, హీరోకు టైం లేదు కాబట్టి, ఉన్నది ఒక్కటే రోజు.

"కంప్యూటర్ల చింపి చూసినమమ్మా, చినిగినట్టు లేదు," అన్నడు. "ముంబై నుంచి అతుక్కునే పట్టీ పెట్టిన లాగు తెచ్చినం. అది సంచి మూతి తెరిచినట్టు తెరుచుకున్నది. నిజంగ పిగలాలె. మీ చేతికే వస్తది."

"ముప్పై ఏండ్లు ఒక్క కుట్టు ఊడకుండ కుట్టినదాన్ని, పిగిలేటట్టు కుట్టుమని నా ఇంటికొస్తవా? లే, లేసి పో!"

పిల్లగాడు లేవలే. "మీరు ఎట్ల కుట్టిన్రో నాకు తెల్వదమ్మా. కాని నేను డైరెక్టర్ అయ్యింది ఆ కుట్టు చూసే," అన్నడు.

ఆ మాటకు నేను వాళ్లకు గుడ చాయ్ పోసిన. మా ఆయన మాత్రం చాయ్ గ్లాసు కింద పెట్టి గాబర గాబర అయితాండు. "వద్దే, ఎండల ఎందుకు? నీకు కండ్లు కనపడయి. పాత గాయం గెలుకుడెందుకు?" అన్నడు. నా మీద ప్రేమనుకున్న. అయినా పోయిన. పేరు కోసం కాదు, నా కుట్టు ఎట్ల పిగిలిందో చచ్చేలోపల నా కండ్లతోని చూడాల్ననిపించింది.

ఆ రోజు మిల్లు కాడ మట్టెవాడకు మట్టెవాడే దిగింది. చాయ్ హోటలాయన దుకాణం బందు చేసి, ఫ్లాస్కులేసుకొని వచ్చిండు. మిల్లు వసారాల నాకు ఒక మిషన్ పెట్టిన్రు.

మొదటి లాగు సీటు కాడ ఒంటి కుట్టు, అదీ వదులుగ ఏసిన. హీరో మంచి పిల్లగాడు, మనిషి మాత్రం దున్నపోతు లెక్కున్నడు. తాడు కట్టుకొని కప్పు మీదికెల్లి దుంకిండు. గాలిల కాళ్లు బార్ల చాపిండు. నేలకు దిగిండు. లాగు పిగలలే.

రెండోదానికి నా డబ్బాలున్న పాత పుచ్చిపోయిన దారం ఏసిన. దుంకిండు. పిగలలే. చూస్తే కుట్టు కొసకు రాంగనే నా కాలు దానంతటదే ఎనుకకు తొక్కి ముడేసి పెట్టింది. ముప్పై ఏండ్లు తొక్కిన కాలు బిడ్డా, నా మాట వింటదా!

మూడోదాన్ని సగం కుట్టకుండనే ఇడిచిపెట్టిన. హీరో తాడు కట్టుకునుటానికి మెట్టు మీద కూర్చున్నడు. కూర్చునుడే పోయింది. లైట్లోళ్లు తప్ప ఎవ్వరు చూడలే.

"ఏందక్కా," అని చాయ్ హోటలాయన గోడ మీదికెల్లి ఒర్రిండు, "పిగలొద్దంటే పిగిలిచ్చినవ్, పిగలాలంటే పిగలిస్తలేవ్! నీ లెక్కనే నీ లాగు గుడ మొండిది!"

జనం నవ్విన్రు. నాకు నవ్వు రాలే. ఎండ నడినెత్తికొచ్చింది. డైరెక్టర్ పిల్లగాడు నెత్తి పట్టుకొని వడ్ల బస్తా మీద కూర్చున్నడు. ఆయన మొకం చూస్తే ఆనాటి నా మొకమే యాదికొచ్చింది. వాని మూడేండ్ల కష్టం నా చేతులనే చెడేటట్టున్నది. ఒకసారి పిగిలి పరువు పాయె, ఇప్పుడు పిగలక పోయేటట్టున్నది.

మా ఆయన ఎటు పోయిండా అని చూస్తే కనపడలే. గంటకు స్కూటర్ మీద వచ్చిండు. సంకల నా స్టూలు మెత్త.

"కూర్చునుటానికి తెచ్చినవా?" అన్న.

ఆయన డిజైనర్ అమ్మాయి కాడ కత్తెర అడిగి తీసుకున్నడు. మెత్త పొట్ట చీరిండు. పాత జాకెట్ ముక్కలు, లంగ అంచులు, పత్తి బయటికొచ్చినయి. వాటెనుక ముడుతలు పడ్డది, ఊదరంగుది ఒక లాగు వచ్చింది.

నేను వంగి సీటు కాడ చూసిన, నా డబల్ కుట్టే.

"ఇగో, విను," అన్నడు మా ఆయన కింద చూసుకుంట. "కొక్కేనిదని చెప్పినవా, బల్ల మీదదని చెప్పినవా ఆ గడియల నాకు అర్థం కాలే. బల్ల మీదది ఇచ్చిన. సాయంత్రం సంగతి తెల్సినంక కొక్కెం దిక్కు చూస్తే ఇది ఏలాడుతాంది. కటింగ్ మాస్టర్‌కు కచ్చ కుట్టు, పక్కా కుట్టు తేడా తెల్వలేదంటే మన దుకాణం మొకం ఎవడన్న చూస్తడా? అందుకే ఇంట్ల అబద్ధం చెప్పిన. మొదటి రోజు చెప్పలే. రెండో రోజు చెప్పుడు ఇంకా కష్టమైంది. గిట్ల ముప్పై ఏండ్లైంది."

"ముప్పై ఏండ్లు నన్ను దీని మీదనే కూర్చోబెట్టినవా!"

"పారెయ్యబుద్ధి కాలే. నీ కుట్టు గద."

ఆ లాగు చేతిల పట్టుకొని సీటు కాడ గోరుతోని గీకిన, రెండు దిక్కుల గుంజిన, పంటితోని పీకిన. రంగు పాలిపోయింది గని ఒక్క కుట్టు గుడ కదల్లే. ముప్పై ఏండ్లు మనిషి బరువు మోసిన కుట్టు. నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, మా ఆయన గల్ల పట్టుకోవాల్ననిపించింది. మూడు పనులూ చేసిన.

గల్ల ఇడిచిపెట్టినంక నాకింకో సంగతి యాదికొచ్చింది. ఇప్పటిదాక మీకు గుడ చెప్పలే. కచ్చ కుట్టు ఎప్పుడైనా తెల్ల దారంతోనే ఎయ్యాలె, చూడంగనే ఇది కచ్చది అని తెల్వాలె. నా గురువమ్మ నేర్పిన మొదటి మాట అది. ఆనాడు రైలుకు టైమైతాందని సూదిల ఉన్న ఊదా దారంతోనే ఏసిన. ఊద బట్ట మీద ఊద దారం. మా ఆయనకు కాదు, దేవునికి గుడ తెల్వది. ఆ ముక్క నేను ముప్పై ఏండ్లు నాకు నేను గుడ చెప్పుకోలే. మా ఆయన మెత్తల దాసిండు, నేను మనసుల దాసిన.

"ఊదా దారం తేండ్రి," అని ఒర్రిన.

మిషన్ పక్కకు జరిపి, ఇంకో కొత్త లాగు తీసుకొని, డిజైనర్ అమ్మాయి దారం ఎక్కిచ్చి ఇస్తే చేతితోనే, పొడుగు పొడుగుగ, ముడి ఎయ్యకుండ కచ్చ కుట్టు ఏసిన. హీరోకు చెప్పిన. "బిడ్డా, కూర్చోకు, వంగకు, తుమ్మకు. పెండ్లికొడుకు లెక్క సక్కగ పోయి దుంకు."

దుంకిండు. నడిమిట్లకు రాంగనే కాళ్లు చాపిండు.

పర్ర్!

ఆ చప్పుడు ఇనుడు నాకు అదే మొదటిసారి. జనం నవ్విన నవ్వుకు మిల్లు కప్పుల పావురాలన్నీ లేచినయి. అది నవ్వుమంటే నవ్విన నవ్వు కాదు. డైరెక్టర్ పిల్లగాడు ఉరికొచ్చి నా కాళ్లు మొక్కిండు.

అందరు సంబురంల ఉన్నరు. నేను నీడకు కూర్చున్న. పిగిలిన లాగు తెచ్చి ఆ అమ్మాయి నా ఒళ్లె పెట్టిపోయింది. చినిగిన బట్ట ఒళ్లె ఉంటే నా చెయ్యి ఊకుంటదా? మిషన్ గుంజుకొని రెండు నిమిషాలల్ల డబల్ కుట్టు ఏసి, కొసకు ముడేసి మడత పెట్టిన. నేనేం చేస్తాన్ననో నాకే తెల్వదు.

"అమ్మా, ఇంకొక్కసారి తీద్దాం, ఎందుకైనా మంచిది," అని మైకుల వినపడ్డది. ఎవరో లాగు పట్టుకపోయిన్రు. హీరో తొడిగిండు, కప్పెక్కిండు. నాకు అప్పుడు వెలిగింది. చెప్పుదామని లేచేసరికే దుంకిండు.

పిగలలే.

మళ్ల దుంకిండు. పిగలలే. మూడోసారి గాలిల కాళ్లు రెండు దిక్కులకు ఇడిచి, పండ్లు కొరికి, మొకం ఎర్రగ చేసుకొని తిప్పలు పడ్డడు. తాడు కిర్రుమన్నది గని లాగు కిమ్మనలే. డైరెక్టర్ నవ్వుకుంట చేతులెత్తిండు. "చాలు, మొదటిదే మంచిగున్నది," అన్నడు.

నేను గోడ దిక్కు చూసిన. మట్టెవాడ మట్టెవాడంత సప్పుడు లేకుండ చూస్తాంది.

"ఏమయ్యా హోటలాయనా," అన్న, "ఏదన్న అంటవా?"

ఆయన ఫ్లాస్కు మూత తీసి చాయ్ పోసుకొచ్చి చేతికిచ్చిండు. "తాగక్కా," అన్నడు. గ్లాసు గురించి ఏమనలే.

పిల్లలూ, మీకు చెప్పేది ఒక్కటే. ఎంత తొందరున్నా కచ్చ కుట్టు తెల్ల దారంతోనే ఎయ్యుండ్రి. మొగనికి ఏదన్న ఒప్పజెప్పేటప్పుడు ఒకటే వస్తువు కండ్ల ముందట పెట్టుండ్రి, రెండు పెట్టకుండ్రి.

పోయేటప్పుడు డైరెక్టర్ పిల్లగాడు, సిన్మ కొసకు పేర్లు పడ్తయి కద, అందుల మీ ఇద్దరి పేర్లేద్దామన్నడు. ఏమని రాయాల్నో చెప్పుమన్నడు. చెప్పిన.

సిన్మ వచ్చినంక మొదటి ఆటకే పోయినం. అందరు లేచి పోతాన్రు, మేమిద్దరం కూర్చున్నం. చీమల బారు లెక్క పేర్లు పోతానయి. ఆఖరుకు 'కుట్టు' అని రాసి నా పేరున్నది. దాని కింద 'కచ్చ కుట్టు' అని రాసి మా ఆయన పేరున్నది.

ఆయన కండ్లద్దాలు సర్దుకొని రెండుసార్లు చదివిండు. నా దిక్కు చూసిండు. నేను తెర దిక్కే చూసిన.

"అయితేంది," అన్నడు, "సిన్మల పేరు పడ్డది గద!"

ఇంటికొచ్చినంక ఆ పాత లాగు మళ్ల మెత్తల కుక్కి, తెల్ల దారంతోని మూతి కుట్టిన. స్టూలు మీద ఏసిన. ఇప్పుడు దాని మీద ఆయన కూర్చుంటాండు.